పాలీహౌస్‌లో డ్రిప్: టేపా, ఇన్‌లైన్ పైపా, మొక్కకో డ్రిప్పరా?

పాలీహౌస్‌లో డ్రిప్ వేయాలనుకునేవారు ముందుగా అడిగేది ఏ డ్రిప్పర్ మంచిదని. నిజానికి అది మూడో ప్రశ్న. మొక్కలు నేలలో పెరుగుతాయా, సంచుల్లోనా అన్నది మొదటిది. నీళ్లు ఎంత ఒత్తిడితో, ఎంత శుభ్రంగా వస్తాయన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు దొరికితే డ్రిప్పర్ ఎంపిక చాలావరకు దానంతటదే తేలిపోతుంది. దొరక్కుండా కొంటే ఎంత ఖరీదైన సరుకైనా వరుసలో ఒక చివర మొక్కలు ఏపుగా, రెండో చివర మొక్కలు వాడిపోయి కనిపిస్తాయి.

ఆరుబయట పొలానికి పనికొచ్చే సలహాను పైకప్పు కిందికి యథాతథంగా తెచ్చుకోకూడదు. బయట ఒక డ్రిప్పర్ పూడిపోయినా తర్వాతి వాన ఆ మొక్కను కొంత ఆదుకుంటుంది. పాలీహౌస్‌లో వాన పడదు కాబట్టి గొట్టం ఇచ్చిందే నీరు. నీళ్లలోని, ఎరువుల్లోని ఉప్పులను కిందికి కడిగే వాన కూడా ఉండదు. అవి తడి ఎక్కడ ఆగుతుందో అక్కడే పేరుకుంటాయి. మడి అంచున తెల్లగా కనిపించే పొర అదే. అందుకే ఇక్కడ నేను ధర కన్నా ముందు మూడు విషయాలు చూస్తాను: ప్రతి మొక్కకూ సమానంగా అందుతుందా, పూడిపోతే కంటికి తెలుస్తుందా, శుభ్రం చేయడం తేలికేనా.

నేలలో పండిస్తే

మడులు చేసి నాటేవారికి ఇన్‌లైన్ గొట్టమే సరైనది. డ్రిప్పర్లు తయారీలోనే గొట్టం లోపల నిర్ణీత దూరంలో అమర్చి ఉంటాయి, కాబట్టి పరచడమే పని. ఇందులో పలుచని టేపు, మందపాటి పైపు అని రెండు రకాలు. టేపు మందాన్ని మిల్‌లలో చెబుతారు. ఒక మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అంటే 8 మిల్ టేపు గోడ మందం 0.2 మిల్లీమీటర్లే. నీళ్లు లేనప్పుడు చదునుగా పడి ఉంటుంది, నీళ్లు వదలగానే ఉబ్బి గుండ్రంగా అవుతుంది. మందపాటి పైపు గోడ దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది. తొక్కినా దాని ఆకారం మారదు.

టేపు చౌక. అయితే పలుచని టేపులు సాధారణంగా ఒక బార్ (పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీరు ఇచ్చేంత) ఒత్తిడి దాటితే చిట్లుతాయి. కలుపు తీసే కొడవలి మొన తగిలితే చాలు, తెగుతుంది. ఎలుకలు, పురుగులు కొరుకుతాయి. పంట తీసేటప్పుడు వేళ్లతో పాటు లాగితే చినుగుతుంది. ఒకటి రెండు పంటలకు మించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మందపాటి పైపును చుట్ట చుట్టి పక్కన పెట్టి, మడి దున్ని, మళ్లీ పరచుకోవచ్చు. ఏళ్ల తరబడి పనికొస్తుంది.

నా సలహా సూటిగా చెబుతాను. ఎకరాల కొద్దీ పొలానికి టేపు అర్థవంతమైన పొదుపు. పాలీహౌస్‌లో మొత్తం గొట్టం పొడవు వందల మీటర్లలోనే ఉంటుంది కాబట్టి టేపుతో మిగిలేది తక్కువ, ప్రతి పంటకూ మార్చే శ్రమ ఎక్కువ. మందపాటి ఇన్‌లైనే తీసుకోండి. ఒక్క సందర్భంలో టేపు వైపు మొగ్గుతాను: నీళ్లు తక్కువ ఎత్తులో ఉన్న తొట్టి నుంచి వస్తూ, ఆ కొద్ది ఒత్తిడికే తయారుచేసిన టేపు దొరికినప్పుడు. టేపు వేస్తే రంధ్రాలు పైకి ఉండేలా పరచాలి. అప్పుడు గొట్టం అడుగున పేరుకున్న మడ్డి రంధ్రం దాకా రాదు.

డ్రిప్పర్ల మధ్య దూరం ఎంత ఉండాలో కేటలాగు కన్నా మీ నేల బాగా చెబుతుంది. ఒక సీసా మూతకు సన్నని చిల్లు చేసి, నేల మీద ఒకే చోట రెండు లీటర్ల నీళ్లు గంటసేపు చుక్కలు చుక్కలుగా పడనివ్వండి. మరో గంట ఆగి, అక్కడ పారతో నిలువునా కోసి చూడండి. ఒండ్రు నేలలో తడి ఉల్లిపాయ ఆకారంలో, పైన సన్నగా లోపల వెడల్పుగా ఉంటుంది. ఇసుక నేలలో పక్కలకు పాకకుండా లోతుకు దిగిపోతుంది. బంక నేలలో లోతుకు దిగకుండా పక్కలకు పరుచుకుంటుంది. కనిపించిన వెడల్పు కన్నా కాస్త తక్కువ దూరం ఉన్న గొట్టం తీసుకుంటే ఒక తడి ఇంకో తడిని కలుస్తుంది. సాధారణంగా ఇసుక నేలకు 20 సెంటీమీటర్లు, మధ్యరకానికి 30, బంక నేలకు 40 నుంచి 50 సరిపోతాయి. ఈ తడులు కలవడం పాలీహౌస్‌లో మరీ ముఖ్యం. కలవని చోట ఉప్పు నిలుస్తుంది.

మీటరు వెడల్పు మడికి రెండు వరుసల మొక్కలు, రెండు గొట్టాలు అన్నది టమాటా, క్యాప్సికం, కీర వంటి పంటలకు బాగా కుదిరే అమరిక. దగ్గరదగ్గరగా విత్తే ఆకుకూరలకు మడికి మూడు నాలుగు గొట్టాలు కావాలి. అయినా విత్తనం మొలకెత్తే దశలో పై మట్టి అంతా సమంగా తడవాలి, అది డ్రిప్ చేసే పని కాదు. ఆ కొద్ది రోజులూ పైనుంచి సన్నని తుంపరే ఇవ్వాలి. నారు పెంచడానికే కట్టిన పాలీహౌస్ అయితే డ్రిప్ ఆలోచన మానేసి మైక్రో స్ప్రింక్లర్లు పెట్టుకోవడం మేలు. కాయ పంటలకు మాత్రం ఆకు తడవకపోవడమే డ్రిప్ ఇచ్చే పెద్ద లాభం. గాలి కదలని చోట తడిసిన ఆకు మీద శిలీంద్ర తెగుళ్లు త్వరగా పాకుతాయి.

సంచుల్లో, కుండీల్లో పండిస్తే

కొబ్బరి పొట్టు నింపిన సంచులకు ఇన్‌లైన్ గొట్టం నప్పదు. రంధ్రం పడే చోటు, సంచి ఉండే చోటు ఒకటి కావు, నీళ్లు దారిలో పడతాయి. ఇక్కడ కావలసింది మొక్కకో డ్రిప్పర్. మామూలు నల్ల పైపుకు చిల్లు పెట్టి బయట గుచ్చే ఆన్‌లైన్ డ్రిప్పర్, దాని నుంచి సన్నని గొట్టం, చివర సంచిలో గుచ్చే పుల్ల. ఒక డ్రిప్పర్‌ను నాలుగు దారులుగా చీల్చి నాలుగు సంచులకు ఇచ్చే అమరిక కూడా ఉంది. ఖర్చు తగ్గుతుంది, కానీ నాలుగు సన్న గొట్టాలూ ఒకే పొడవు, ఒకే ఎత్తులో ఉంటేనే నాలుగింటికీ సమానంగా వెళ్తుంది. మిగిలిన ముక్కలతో ఒకటి పొట్టిగా, ఒకటి పొడవుగా కత్తిరిస్తే పొట్టిదానికే ఎక్కువ నీళ్లు.

నేల తేమను రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. సంచిలోని కొద్దిపాటి కొబ్బరి పొట్టు ఎండ రోజున గంటల్లోనే ఆరుతుంది. అందుకే సంచులకు రోజుకు ఎన్నోసార్లు రెండు మూడు నిమిషాల చొప్పున నీళ్లిస్తారు. ఇక్కడే ఒత్తిడిని సరిచేసుకునే డ్రిప్పర్ల ప్రశ్న వస్తుంది. కొనేటప్పుడు పీసీ అని అడిగేవి ఇవే. లోపల సిలికాన్ పొర ఉండి, ఒత్తిడి పెరిగితే దారిని ఇరుకు చేస్తుంది. వీటిలోనే ఇంకో మెట్టు పైన నో-లీక్ రకం. నీళ్లు ఆపగానే ఇది మూసుకుపోతుంది, గొట్టం నిండుగానే ఉండిపోతుంది.

ఆ నో-లీక్ ఎందుకో ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. 16 మిల్లీమీటర్ల గొట్టం మీటరుకు సుమారు 0.15 లీటరు పడుతుంది. 240 మీటర్ల గొట్టం నిండటానికి 36 లీటర్లు. గంటకు 1600 లీటర్లు పారే అమరికలో అందుకు నిమిషానికి పైగా పడుతుంది. మామూలు డ్రిప్పర్లు ఉంటే ఆపినప్పుడల్లా ఆ నీరంతా పల్లంలో ఉన్న సంచుల్లోకి కారిపోతుంది, మళ్లీ వదిలినప్పుడు మొదటి నిమిషం గొట్టం నింపడానికే పోతుంది. అరగంట నీరిచ్చే నేల మడికి ఆ నిమిషం లెక్కలోకి రాదు. మూడు నిమిషాల తడికి అది మూడో వంతు. కాబట్టి సంచులకు నో-లీక్ పీసీ డ్రిప్పర్లకు పెట్టే డబ్బు వృథా కాదు. సమతలంగా ఉన్న 30 మీటర్ల నేల మడికి అదే డబ్బు దండగ. అంత పొట్టి గొట్టంలో రాపిడి వల్ల పోయే ఒత్తిడి చాలా కొద్ది. పొడవు 60, 70 మీటర్లు దాటినా, నేల వాలుగా ఉన్నా అప్పుడు పీసీ ఆలోచించండి.

సంచుల విషయంలో ఇంకొకటి. ఇచ్చిన నీటిలో కొంత, సాధారణంగా 10 నుంచి 30 శాతం, అడుగు నుంచి బయటకు పోయేలా ఇవ్వాలి, లేకపోతే ఉప్పు లోపలే గట్టిపడుతుంది. కాబట్టి ఆ మురుగు నీరు ఎటు పోతుందో గొట్టాలు పరచకముందే తేల్చుకోవాలి.

తొట్టి ఎత్తా, పంపు ఒత్తిడా

పది మీటర్ల ఎత్తులో ఉన్న నీరు సుమారు ఒక బార్ ఒత్తిడి ఇస్తుంది. రెండు మీటర్ల దిమ్మె మీద పెట్టిన తొట్టి ఇచ్చేది 0.2 బార్. పీసీ డ్రిప్పర్లలో చాలా వాటికి సరిగా పనిచేయడానికి దాదాపు 0.5 బార్ కావాలి. అంటే తొట్టికి పీసీ కుదరదు. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ పని చేయించుకోవడమే అవుతుంది.

మామూలు డ్రిప్పర్‌లో నీటి పరిమాణం ఒత్తిడికి వర్గమూలంగా మారుతుంది. ఒత్తిడి సగమైతే నీరు సగం కాదు, దాదాపు 70 శాతానికి తగ్గుతుంది. ఒక బార్ దగ్గర గంటకు 2 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్ 0.2 బార్ దగ్గర 0.9 లీటరు ఇస్తుంది. నీళ్లు రావని కాదు, రెట్టింపు సేపు వదలాలంతే. అసలు ఇబ్బంది వాలుతో వస్తుంది. మడి ఒక చివర 30 సెంటీమీటర్లు ఎత్తుగా ఉందనుకోండి. పది మీటర్ల ఒత్తిడిలో ఆ 30 సెంటీమీటర్లు 3 శాతమే. రెండు మీటర్ల ఒత్తిడిలో 15 శాతం. తొట్టితో నడిపేవారు గొట్టాలు కొనే ముందు మడిని మట్టం చేయడం మీద ఒక రోజు వెచ్చించాలి.

తొట్టి పద్ధతిని తక్కువగా చూడకండి. కరెంటు లేకున్నా నడుస్తుంది, గొట్టాలు చిట్లవు. ఎరువు కలపడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, తొట్టిలో కలిపేస్తే అదే చివరి చుక్క దాకా ఒకే పాళ్లలో వెళ్తుంది. ఒకటి రెండు చిన్న టన్నెళ్లకు (కమాను ఆకారపు చిన్న పాలీహౌస్‌లకు) నేను తొట్టికే ఓటు వేస్తాను. మూత పెట్టిన, వెలుతురు చొరని నల్ల తొట్టి అయితే చాలు. ఎరువు నీళ్ల మీద ఎండ పడితే పాచి పట్టడం ఖాయం. పంపు ఉంటే మాత్రం దాని తర్వాత ప్రెషర్ రెగ్యులేటర్ తప్పనిసరి. చాలా పంపుల పూర్తి ఒత్తిడిని డ్రిప్ అమరిక తట్టుకోలేదు, ముందు జారిపోయేవి జాయింట్లే.

నీరు సరిపోతుందా

30 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు టన్నెల్ తీసుకుందాం. నాలుగు మడులు, మడికి రెండు గొట్టాలు, మొత్తం 240 మీటర్లు. 30 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 800 డ్రిప్పర్లు. ఒక్కొక్కటి గంటకు 2 లీటర్లు ఇస్తే గంటకు 1600 లీటర్లు. ఇప్పుడు కుళాయి దగ్గర 10 లీటర్ల బకెట్ పెట్టి నిండే సమయం చూడండి. 40 సెకన్లు పడితే మీకు వచ్చేది గంటకు 900 లీటర్లు. అన్ని మడులూ ఒకేసారి తడపలేరు. మడులను రెండు భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక వాల్వు పెట్టి విడివిడిగా తడపాలి, లేదా గంటకు ఒక లీటరు ఇచ్చే డ్రిప్పర్లు తీసుకోవాలి.

రెండో దారి తేలికగా కనిపిస్తుంది గానీ తక్కువ నీరిచ్చే డ్రిప్పర్‌లో దారి కూడా సాధారణంగా ఇరుకే, త్వరగా పూడుతుంది. నీళ్లు మరీ శుభ్రంగా ఉంటే తప్ప వాల్వులు విడగొట్టడమే నయం. ఎలాగూ పక్క గోడలను ఆనుకుని ఉన్న మడులు నడిమి మడుల కన్నా త్వరగా ఆరుతాయి. వాటికి వేరే వాల్వు ఉంటే ఎక్కువసేపు వదలవచ్చు. పెరిగిన పంటకు వేడి రోజుల్లో చదరపు మీటరుకు నాలుగైదు లీటర్లు కావాలనుకుంటే ఈ 180 చదరపు మీటర్లకు రోజుకు 720 నుంచి 900 లీటర్లు. తొట్టి పరిమాణం కూడా దీని నుంచే తేలుతుంది.

ఫిల్టర్‌లో పొదుపు వద్దు

డ్రిప్పర్ లోపలి దారి సుమారు ఒక మిల్లీమీటరు. ఫిల్టర్ కన్ను ఆ దారిలో ఏడో వంతు నుంచి పదో వంతు ఉండాలన్నది పాత నియమం. చిన్న రేణువులు కూడా గుంపుకట్టి దారిని మూయగలవు. 120 మెష్ (అంగుళానికి 120 కన్నులున్న) ఫిల్టర్ కన్ను సుమారు 130 మైక్రాన్లు, అంటే 0.13 మిల్లీమీటరు, అందుకే డ్రిప్‌కు అది మామూలు ప్రమాణమైంది.

రకం మాత్రం నీటిని బట్టి. బోరు నీళ్లు తేటగా వస్తే జల్లెడలాంటి స్క్రీన్ ఫిల్టర్ చాలు. ఇసుక కూడా వస్తుంటే దాని ముందు హైడ్రోసైక్లోన్ పెట్టాలి. నీటిని సుడి తిప్పి ఇసుకను అడుగుకు దింపుతుంది. చెరువు, కుంట, వాన నీళ్ల గుంట నుంచి తెస్తే స్క్రీన్ సరిపోదు. పాచి మెత్తగా సాగి కన్నుల్లోంచి జారిపోతుంది. దానికి గాడులున్న బిళ్లలు ఒకదానిపై ఒకటి పేర్చిన డిస్క్ ఫిల్టర్, పాచి ఎక్కువైతే ఇసుక ఫిల్టర్. చిన్న టన్నెల్‌కు ఏదో ఒకటే కొనాలంటే నేను డిస్క్ ఫిల్టరే కొంటాను. విప్పి, బిళ్లలు వదులు చేసి, కుళాయి కింద కడిగేస్తే పని అయిపోతుంది.

ఈ ఫిల్టర్లేవీ ఆపలేనిది నీళ్లలో కరిగి ఉన్న ఇనుము. ఫిల్టర్ దాటేటప్పుడు నీళ్లు తేటగానే ఉంటాయి. ఆ తర్వాత గొట్టంలో గాలి తగిలి ఎర్రటి మడ్డిగా మారుతుంది. కొనుగోలుకు ముందే ఒక గాజు సీసాలో అప్పుడే తోడిన బోరు నీళ్లు పట్టి, మూత తీసి రాత్రంతా ఉంచండి. పొద్దున అడుగున తుప్పు రంగు కనిపిస్తే నీటిని నేరుగా గొట్టాల్లోకి పంపవద్దు. ముందు తొట్టిలోకి ఎత్తు నుంచి పడేలా వదిలి, మడ్డి దిగనిచ్చి, పై తేట నీటిని ఫిల్టర్ చేసి వాడాలి. కెటిల్‌లో తెల్లటి పొర కట్టే నీళ్లయితే అది సున్నం, డ్రిప్పర్ మూతిలోనూ కడుతుంది. అప్పుడప్పుడూ పలుచని ఆమ్లం పంపితే కరుగుతుంది. పాచికి క్లోరిన్ ద్రావణం వాడతారు. ఈ రెండూ ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది, మూసి ఉన్న పాలీహౌస్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఫిల్టర్‌కు రెండు వైపులా ఒత్తిడి మీటర్లు పెట్టండి. కడిగిన రోజు ఉన్న తేడా కన్నా అర బార్ దాకా పెరిగితే మళ్లీ కడిగే వేళైనట్లు.

ఎరువు, టైమరు

పంపుతో నడిపేవారికి ఎరువు ఎక్కించడానికి వెంచురి చౌకైన మార్గం. నడుమ ఇరుకైన గొట్టం ఇది, అందులోంచి నీరు వేగంగా పారుతూ ఎరువును లోపలికి పీలుస్తుంది. కదిలే భాగాలు లేవు, పాడయ్యేది లేదు. అయితే అది పనిచేయాలంటే దాని ముందు వెనకల మధ్య చెప్పుకోదగ్గ ఒత్తిడి తేడా ఉండాలి, ఆ మేరకు గొట్టాలకు అందే ఒత్తిడి తగ్గుతుంది. తొట్టి ఒత్తిడితో అది నడవదు. నేల మడులకు వెంచురి చాలు. పాళ్లు కొద్దిగా అటూ ఇటూ అయినా నేల సర్దుకుంటుంది. సంచుల్లో ఆ సర్దుబాటు లేదు కాబట్టి నీటి పరిమాణానికి తగ్గట్టు కొలిచి పంపే డోసింగ్ పంపు ఉంటే మంచిది. ఏది పెట్టినా ఫిల్టర్ ఎరువు కలిసిన చోటుకు తర్వాతే రావాలి, ఎరువు నీళ్లు వెనక్కి బావిలోకి పోకుండా చెక్ వాల్వు ఉండాలి. చిక్కని ద్రావణంలో కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేటు, సల్ఫేటు ఎరువులతో కలపకూడదు. గడ్డ కట్టి డ్రిప్పర్లు పూడతాయి. వేర్వేరు డబ్బాలు వాడాలి.

నేల మడులకు మామూలు గడియారం టైమరు చాలు, మబ్బు పట్టిన రోజు చేత్తో తగ్గించుకుంటే. సంచులకు నిమిషాల లెక్కన రోజుకు చాలాసార్లు తిప్పగలిగేది కావాలి. పెట్టుబడి ఉంటే ఎండను కొలిచి నీరు వదిలేది ఇంకా మంచిది, మొక్క తాగేది ఎండను బట్టే.

బిగించాక, తర్వాత రెండు మూడు నెలలకోసారి

గొట్టాల చివరలు తెరిచి తేట నీళ్లు వచ్చేదాకా వదిలి, అప్పుడు మూయండి. తర్వాత కొలత. దగ్గరి చివర, నడుమ, దూరపు చివర కలిపి పదహారు డ్రిప్పర్ల కింద గిన్నెలు పెట్టి సరిగ్గా 36 సెకన్లు నీరు పట్టండి. 36 సెకన్లంటే గంటలో వందో వంతు, కాబట్టి మిల్లీలీటర్లను పదితో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. 20 మిల్లీలీటర్లు పడితే 2 లీటర్ల డ్రిప్పర్ సరిగ్గా పనిచేస్తున్నట్లు. అతి తక్కువ వచ్చిన నాలుగింటి సగటు మొత్తం సగటులో 90 శాతం ఉంటే నిశ్చింత. 80 శాతం కన్నా తగ్గితే కారణం వెతకాలి. తక్కువవి అన్నీ దూరపు చివరే ఉంటే ఒత్తిడి చాలడం లేదు, వాల్వులు విడగొట్టాలి. ఎత్తుగా ఉన్న వైపే ఉంటే మట్టం సరిగా లేదు. ఎక్కడపడితే అక్కడ చెల్లాచెదురుగా ఉంటే అది పూడికే, ఫిల్టర్ విప్పి చూడాలి.